గుర్తింపు పొందిన దెయ్యం

మా నగరంలోని పాత తంతి కార్యాలయంలో దెయ్యం ఉన్నదన్న సంగతి అందరికీ తెలుసు. అది తంతి గుమాస్తా దెయ్యం. చివరి తంతి సగం పంపి, మిగతా సగం పంపకముందే ఆ గుమాస్తా కుర్చీలో కన్నుమూశాడనీ, ఆ సగాన్ని పంపడానికి ఇప్పటికీ పొద్దు గుంకగానే వచ్చి టక్కు టక్కుమని మీట నొక్కుతుంటాడనీ చెబుతారు. రేవులో కూలీ మొదలు కళాశాల ప్రిన్సిపాలు దాకా ఈ మాట నమ్మనివారు లేరు. నమ్మనివాణ్ణి నేనొక్కడినే అని చాలాకాలం అనుకున్నాను. మరొకరు కూడా ఉన్నారని తర్వాత తెలిసింది.

చప్పుడు మాత్రం నిజం. నేనూ విన్నాను. ముప్పై మూడేళ్లు భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక, చప్పుడు నిజమైనంత మాత్రాన దెయ్యం నిజం కానక్కరలేదని నాకు తెలుసు. ఆ తేడాను నగరానికి వివరించడానికి నేనెన్నడూ నడుం కట్టలేదు. దెయ్యం వల్ల ఎవరికీ నష్టం లేదు. సాయంత్రం షికారుకు వచ్చినవాళ్లు ఆ గోడ దగ్గర కాసేపు నిలబడి, విని, ఉడకబెట్టిన వేరుశనగకాయలు కొనుక్కుని ఇళ్లకు పోయేవారు. నగరపాలక సంస్థ ఆ దెయ్యానికి గుర్తింపు ఇవ్వాలని నిశ్చయించిన రోజున నష్టం మొదలైంది.

రెండేళ్ల క్రితం మా కమిషనర్ గారు శిక్షణ నిమిత్తం ఒక మహానగరానికి వెళ్లారు. అక్కడ అక్టోబరు ఆఖరు వారంలో చదువుకున్నవారు, ఉద్యోగస్తులు ముఖాలకు తెల్లరంగు పూసుకుని, గుమ్మడికాయలకు కళ్లూ పళ్లూ చెక్కి లోపల దీపం పెట్టి, తమను భయపెట్టమని టిక్కెట్టు కొని మరీ వరుసలో నిలబడటం చూశారు. దానిని హాలోవీన్ అంటారని తెలుసుకున్నారు. ఆయన మనసును పట్టుకున్నవి దెయ్యాలు కావు, ఆ వరుస. మా నగరంలో జనం దేనికోసమైనా వరుసలో నిలబడగా ఆయన ఎన్నడూ చూడలేదు.

తిరిగి వచ్చిన మూడో రోజున వార్డు కార్యాలయాలన్నింటికీ ఉత్తర్వు వెళ్లింది. 'విషయము: భయ పర్యాటకము - వార్డునకొక దెయ్యాల నెలవు గుర్తింపు - గురించి.' పదిహేను రోజులలో ప్రతి వార్డూ ఒక దెయ్యాల నెలవును గుర్తించి వివరాలు సమర్పించవలెననీ, 'దెయ్యములు లేవు' అను నివేదికలు ఎట్టి పరిస్థితులలోను అంగీకరింపబడవనీ అందులో స్పష్టం చేశారు. నలభై రెండు వార్డుల నుంచి నలభై ఏడు దెయ్యాలు వచ్చాయి. ఒక వార్డు అధికారి తన కార్యాలయపు దస్తావేజుల గదినే ప్రతిపాదించి, లోపలికి వెళ్లిన కాగితం తిరిగి రాకపోవడాన్ని నిదర్శనంగా చూపాడు. పన్నెండు, పదమూడు వార్డుల సరిహద్దులోని ఒక పాడుబడ్డ బావి దెయ్యం ఎవరిదన్న విషయంపై రెండు వార్డులకూ తగాదా వచ్చి, చివరికి సర్వేయరు గొలుసు పట్టుకుని వెళ్లవలసి వచ్చింది.

ఇన్నింటిలో మంచిదాన్ని ఎంపిక చేయడానికి మరుసటి ఏడాది దెయ్యాల నెలవుల గుర్తింపు సంఘం ఏర్పడింది. అదనపు కమిషనర్ పైడిశెట్టి విశ్వమోహన్ గారు అధ్యక్షులు. పర్యాటక విభాగం సూపరింటెండెంటు అనంతపద్మనాభం కార్యదర్శి. సంఘంలో 'శాస్త్రీయ దృక్పథము గల సభ్యుడు ఒకరు' ఉండాలని నిబంధన ఉండటంతో అనంతపద్మనాభం నియామకపత్రం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. దెయ్యాలు ఉన్నాయని నేను నమ్మనని ముందే చెప్పాను.

అతడు నొచ్చుకోలేదు. "మీ నమ్మకం మాకు అక్కర్లేదు మాస్టారూ. కోరం కావాలి," అన్నాడు.

మొదటి సమావేశంలోనే పాత తంతి కార్యాలయానికి అగ్రస్థానం దక్కింది. తక్కిన దెయ్యాలు ఎప్పుడు వస్తాయో తెలియదు. ఇది రోజూ వేళకు వస్తుంది. వేళకు రావడం అన్న గుణం అధ్యక్షులవారిని చలింపజేసింది. దరఖాస్తు నమూనాలో దెయ్యం పేరు, తండ్రి పేరు, హోదా, మరణ ధ్రువపత్రం సంఖ్య అన్న గడులు ఉన్నాయి. ఆ గుమాస్తా పేరేమిటో ఎవరికీ తెలియదు. కుర్చీలో కన్నుమూసిన గుమాస్తా ఒకడు ఉన్నట్టు ఏ కాగితంలోనూ లేదు. అందువల్ల, ధ్రువపత్రాలు దాఖలు చేయడానికి లోబడి, దానిని తాత్కాలిక దెయ్యంగా పరిగణించారు.

అడ్డు వచ్చింది నాలుగో నిబంధన. 'గుర్తింపు కోరబడు భవనమందు సజీవ వ్యక్తులెవరును నివసించరాదు. గడచిన మూడు సంవత్సరములలో నివసించి యుండరాదు.' మనుషులు వండుకుని తిని నిద్రపోయే చోట భయపడటానికి ఎవరు వస్తారన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. ఆలోచన తప్పని నేను అనను. అయితే పాత తంతి కార్యాలయంలో అప్పలనరసమ్మ నివసిస్తున్నది.

స్థల పరిశీలనకు వెళ్లినప్పుడు ఆమెను మొదటిసారి చూశాను. సముద్రం వైపు తిరిగిన పాత కట్టడం అది. ఎత్తైన గోడలు, వాటిమీద తుప్పెక్కిన రేకుల కప్పు, వెనుక భాగంలో ఒక చిన్న గది. ఇరవై ఏళ్ల క్రితం తంతి శాఖ ఆ భవనాన్ని వదిలిపెట్టాక నగరపాలక సంస్థ దాన్ని చీపుర్లూ చెత్తబుట్టలూ దాచే గోదాముగా వాడుకుంటూ, కాపలాకు అప్పలనరసమ్మను పెట్టింది. పందొమ్మిదేళ్లుగా ఆ గదే ఆమెకు ఇల్లు. పొయ్యి, రేకుపెట్టె, మంచం, గోడకు చనిపోయిన పెనిమిటి ఫొటో. ఎండ తగలకుండా తన గదిమీద మాత్రం కొబ్బరి కమ్మలు దట్టంగా పరిపించుకున్నది. మేము వెళ్లేసరికి చేపల పులుసు పొయ్యిమీద ఉంది. ఆ వాసన భయ వాతావరణానికి భంగకరమని అధ్యక్షులవారు గుర్తు రాసుకున్నారు.

దెయ్యం విషయం నేనే అడిగాను.

"పందొమ్మిదేళ్లయింది మేస్టారూ. ఒక్కపాలైనా నన్ను పలకరించనేదు," అన్నదామె.

అనంతపద్మనాభం అప్పటికే ఒక కాగితం సిద్ధం చేసి తెచ్చాడు. గడచిన మూడేళ్లలో ఈ భవనంలో ఎవరూ నివసించలేదని ఈ భవనపు కాపలామనిషి ధ్రువీకరిస్తున్నట్టు అందులో ఉంది. చదివి వినిపించి, సిరా అద్దిన దిండు ఆమె ముందు పెట్టాడు.

ఆమె చేతులు చెంగుకు తుడుచుకుంది. "ఇక్కడ ఎవులూ ఉండటం నేదని నాను ఏలిముద్ర ఎయ్యాలా బాబూ? మరి ఎక్కడుండి ఎయ్యమంటారు?"

ఈ ప్రశ్నకు నమూనాలో గడి లేదు. వేలిముద్ర వేయకపోయినా అక్టోబరు ముప్పై ఒకటిలోగా గది ఖాళీ చేయాలనీ, గుర్తింపు రాకపోతే మాత్రం ఉన్నచోటనే ఉండవచ్చుననీ అధ్యక్షులవారు సెలవిచ్చారు. ఆమెకు వేరే చోటు లేదు. అక్క కూతురి ఇంటి వరండా ఒకటి ఉన్నది, అందులో అప్పటికే మేక ఉన్నది.

గుర్తింపు రాకపోతే ఆమె గది ఆమెకు ఉంటుందన్న మాట నా చెవిలో నిలిచిపోయింది. దెయ్యం లేదని రుజువు చేస్తే చాలు. అందుకు కావలసినది చదువు, ఓపిక, ఒక ఉష్ణమాపకం. మూడూ నా దగ్గర ఉన్నాయి. మర్నాటి నుంచి ఇరవై ఒక్క సాయంత్రాలు ఆ భవనం మెట్లమీద నోటుపుస్తకంతో కూర్చున్నాను. ఎండ ఎంత, మబ్బు ఎంత, చప్పుడు ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు మోగింది, ఏ వైపు నుంచి వచ్చింది, అన్నీ రాశాను. అప్పలనరసమ్మ టీ ఇచ్చేది. లెక్క తప్పుతుందని ఆ సమయంలో మాట్లాడేది కాదు. ఎండ కాసిన పదహారు రోజులూ చప్పుడు వచ్చింది. మబ్బు పట్టిన ఐదు రోజులూ రాలేదు. ఆమె గది పైభాగం నుంచి ఒక్క రోజు కూడా రాలేదు.

ఇంతకంటే స్పష్టమైన పట్టిక నా ఉద్యోగ జీవితంలో నేను తయారు చేయలేదు. రెండో సమావేశంలో దానిని సభ్యుల ముందు పరిచాను. అధ్యక్షులవారు కళ్లజోడు సవరించుకుని అడ్డంగా, నిలువుగా చదివారు. ఆయన ముఖం వికసించింది.

"అనంతపద్మనాభం, ఇది హాజరుపట్టీ కదయ్యా!"

పదహారు హాజర్లు, ఐదు గైర్హాజర్లు. మబ్బు రోజున దెయ్యం సాధారణ సెలవు తీసుకుంటున్నదని ఆయన నిర్ధారించారు. ఆమె గది పైన చప్పుడు చేయకపోవడం స్త్రీల పట్ల దానికి గల మర్యాదకు తార్కాణమన్నారు. ఉన్నదో లేదో తెలియని వ్యక్తికి ఇంత క్రమమైన హాజరు ఉండజాలదు గనుక, ఉన్నదని తేలినట్టేనన్నారు. ఆ చప్పుడుకు కారణమేమిటో చెప్పడానికి నేను లేచాను.

"కారణాలు మన పరిధిలోకి రావు మాస్టారూ," అని ఆయన చేత్తో వారించారు. "ఉనికి ఒక్కటే మన పరిధి."

నా పట్టికను రెండో అనుబంధంగా జతపరచి, నాలుగో నిబంధనలోని మూడేళ్ల షరతును సడలించి, ఏకగ్రీవంగా గుర్తింపు ఇచ్చారు. నా అసమ్మతిని నమోదు చేయమన్నాను. ఏకగ్రీవానికి భంగం కలగకుండా నమోదు చేశామని చెప్పారు. దెయ్యం లేదని చూపడానికి రాసిన నోటుపుస్తకమే అప్పలనరసమ్మను గదిలోనుంచి బయటకు నెట్టింది. అక్టోబరు ఇరవై తొమ్మిదిన ఆమె రేకుపెట్టె రిక్షాలో పెట్టుకుని వెళ్తుండగా నేను ఎదురుపడ్డాను. రిక్షా పక్కన నాలుగడుగులు నడిచాను. "మేక మంచిదే మేస్టారూ. రాత్రి కాసింత దగ్గుద్ది, అంతే," అని ఆమెయే నన్ను ఓదార్చింది.

ఇక ప్రారంభోత్సవం. గుత్తేదారు నల్లగుడ్డలు కట్టించాడు. కుర్చీలో ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని కూర్చోబెట్టి ముందు పాత మీట ఒకటి పెట్టించాడు. ఇరవై నాలుగు గుమ్మడికాయలకు కోరలు చెక్కించాడు. అయితే నగరపాలక సంస్థలో ప్రారంభోత్సవాలన్నింటికీ ఒకటే అంచనా పత్రం ఉంటుంది. మరుగుదొడ్లకైనా, వంతెనకైనా తేదీ, పేరు మాత్రమే మారతాయి. అందులో ఏడో అంశం 'శాస్త్రోక్తముగా పూజా కార్యక్రమము.' దానిని కొట్టివేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

కాబట్టి ముప్పై ఒకటో తేదీ ఉదయం పురోహితులు వచ్చారు. అస్థిపంజరానికి ఎదురుగా పీట వేసి, కలశం పెట్టి, ప్రతి పూజకూ మొదట చదివే విధంగానే, ఇక్కడున్న భూతాలన్నీ తొలగిపోవుగాక అని మంత్రం చదివారు. మామిడాకుతో మూలమూలనా నీళ్లు చల్లారు. నరదిష్టి తగలకుండా గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించారు. పైనున్న గుమ్మడికాయ దెయ్యాలను పొమ్మంటున్నది, కిందనున్న ఇరవై నాలుగు రమ్మంటున్నాయి. ఆ గుమ్మంలో నిలబడి కమిషనర్ గారు కొబ్బరికాయ కొట్టారు. నేను ఆకాశం వైపు చూశాను. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి రెండు రోజులైంది. సూర్యుడి జాడ లేదు.

సాయంత్రం ఐదున్నరకే వరుస రేవు మలుపు దాకా సాగింది. కమిషనర్ గారు దానిని ఆపాదమస్తకం చూసి తృప్తిపడ్డారు. ఆరు గంటలకు మైకులో నిశ్శబ్దం పాటించమని కోరారు. నిశ్శబ్దం ఏర్పడింది. ఆరుంబావు అయింది, ఆరున్నర అయింది. చప్పుడు లేదు.

"సిగ్నల్ దొరకటం లేదేమో," అన్నాడు వరుసలో ఒకాయన.

"గవర్నమెంటు దెయ్యం గదండీ, ఆరు దాటాక ఉండదు," అన్నాడు ఇంకొకాయన.

అనంతపద్మనాభం తెరవెనుక చెంచాతో పళ్లెం మీద కొట్టనా అని అధ్యక్షులవారిని అడిగాడు. ఒకరి హాజరు మరొకరు వేయడం శిక్షార్హమైన నేరమని ఆయన గుర్తు చేశారు. ఏడింటికి జనం వేరుశనగకాయలు కొనుక్కుని వెళ్లిపోయారు. భయం కలగలేదని మర్నాటికి మూడు వందల పన్నెండు ఫిర్యాదులు అందాయి.

విచారణ జరిగింది. దెయ్యాన్ని వెళ్లగొట్టిన బాధ్యత ఎవరిదన్నది ప్రశ్న. పురోహితులను పిలిపించారు. పెద్దాయన, నిదానంగా మాట్లాడే మనిషి. తొలగిపొమ్మన్నారా లేదా అని అధ్యక్షులవారు గద్దించారు.

"అన్నానండి. మా నాన్నగారూ అనేవారు, తాతగారూ అనేవారు. ఇప్పటిదాకా ఎవరో వెళ్లిపోయారని మాకు కంప్లయింటు రాలేదండి," అన్నారాయన.

ఆయనను మందలించి వదిలేశారు. పిమ్మట దెయ్యానికే తాఖీదు జారీ అయింది. 'ది. 31-10 నాడు పూర్వానుమతి లేకుండా గైర్హాజరైనందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదో ఏడు దినములలోపల సంజాయిషీ ఇవ్వవలెను' అన్న కాగితాన్ని ఇద్దరు సాక్షుల సమక్షంలో గోడకు అంటించారు. ఏడు రోజులూ మబ్బు విడవలేదు. ఈలోగా కాపలా లేని ఆ భవనంలోనుంచి అస్థిపంజరం దొంగలపాలైంది. చెక్కిన గుమ్మడికాయలను ఆవులు తిన్నాయి. ఇక ఆ కట్టడాన్ని పడగొట్టి వాహనాలు నిలిపే స్థలం చేద్దామన్న ప్రతిపాదన దస్త్రంలోకి ఎక్కింది. అంతవరకు మిగిలిన నల్లగుడ్డలకైనా రక్షణ ఉండాలి కనుక, తాత్కాలికంగా అప్పలనరసమ్మను పిలిపించారు.

ఆమె నవంబరు ఎనిమిదిన రేకుపెట్టెతో తిరిగి వచ్చింది. ఆ ఉదయమే మబ్బు విడిపోయి ఫెళ్లున ఎండ కాసింది. సాయంత్రం అనంతపద్మనాభం సామాను జాబితా సరిచూస్తుండగా పొద్దు గుంకింది. టక్కు. మళ్లీ టక్కు, టక్కు. అతడు జాబితాతో సహా పరుగెత్తి అధ్యక్షులవారి ఇంటి దగ్గర ఆగాడు.

మూడో సమావేశం పావుగంటలో ముగిసింది. ఆమె వెళ్లగానే దెయ్యం పోయింది, రాగానే వచ్చింది. కనుక దెయ్యం ఆమెతోనే ఉంటుంది. నాలుగో నిబంధనను సవరించారు. 'సదరు మహిళ నివాసము దెయ్యము మనుగడకు ఆవశ్యకమని తేలినందున, ఆమెను జీవితాంతము ఆ గదియందే కొనసాగింపవలెను. భవనమును పడగొట్టు ప్రతిపాదన విరమించుకొనడమైనది.' కమిషనర్ గారికి పంపే ముందు ఇక ఒక్క లాంఛనం మిగిలింది. శాస్త్రీయ సభ్యుడి నివేదిక జత కావాలి.

ఆ రాత్రి తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. దెయ్యం ఉన్నదని నేను రాయలేను. ముప్పై మూడేళ్లు పిల్లలకు చెప్పిన మాటను ఒక్క సంతకంతో తుడిచివేయలేను. లేదని రాస్తే, భవనం పోతుంది, ఆమె మళ్లీ మేక దగ్గరకు పోతుంది. ఒకసారి నా లెక్క ఆమెను వీధిలో నిలబెట్టింది. మర్నాడు సాయంత్రం వెళ్లి ఆ మెట్లమీద కూర్చున్నాను. ఆమె టీ తెచ్చింది. ఉన్న విషయం దాచకుండా చెప్పాను. అసలు ఆ చప్పుడు ఏమిటో చెప్పబోతుండగా ఆమె నవ్వింది.

"రేకు గదా మేస్టారూ. నాకు తెల్దేటి? నా గది మీద కొబ్బరి కమ్మలు పరిపించింది నానే గదా."

"మరి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేం?" అన్నాను.

"ఎవులూ అడగనేదు. వచ్చినోలంతా నాకే సెప్పి ఎల్లేవోరు."

పైన చప్పుడు మొదలైంది. అలవాటు చొప్పున నేను లెక్కపెట్టసాగాను.

"మీరు నిజమే రాయండి మేస్టారూ," అన్నదామె ఖాళీ గ్లాసు తీసుకుంటూ. "అబద్ధం రాస్తే మీకు నిద్దరట్టదు. నిజం రాస్తే మాత్రం, ఎవులు సదువుతారు?"

నేను నిజమే రాశాను. నివేదికను అనంతపద్మనాభానికి అందజేశాను. అతడు పుటలు లెక్కపెట్టాడు. ఒకటే ఉంది. దానికి చిల్లు పెట్టి, దారం గుచ్చి, జాబితాలో 'శాస్త్రీయ నివేదిక: జతపరచడమైనది' అన్న గడి ఎదుట టిక్కు పెట్టాడు. నాలుగో రోజున ఆమోదం వచ్చింది. అప్పలనరసమ్మ ఆ గదిలోనే ఉన్నది. ఈ అక్టోబరుకు మళ్లీ గుమ్మడికాయలు చెక్కిస్తున్నారట. ఏడో అంశం అంచనాలో అలాగే ఉందని విన్నాను.

ఆ నివేదిక ప్రతి ఒకటి నా దగ్గర ఉంది. అందులో ఉన్నది ఇంతే:

'పాత తంతి కార్యాలయం కప్పు ఇనుప రేకులతో వేసినది. పగటి ఎండకు రేకులు వేడెక్కి సాగుతాయి. పొద్దు గుంకగానే సముద్రపు గాలికి చల్లబడి ముడుచుకుంటాయి. ముడుచుకునేటప్పుడు మేకుల దగ్గర పట్టు జారి టక్కుమంటాయి. ఎండ లేని రోజునా, కమ్మలు కప్పిన చోటా మోగవు. ఉదయం ఎండ ఎక్కేటప్పుడు కూడా ఇవే రేకులు మోగుతాయి. ఆ వేళప్పుడు దెయ్యాన్ని వినడానికి ఎవరూ రారు.'